విరిగిన కాలు, లెక్కకు రాని నాగాలు (డెల్టా ఒంటి చరిత్ర – 7)



రెక్కాడితేగాని డొక్కాడదు. ఈ సామెతని కష్టజీవి గొప్పతనం చెప్పే మాటగా వాడతారు చాలామంది. నాకైతే ఇది ఆర్థికశాస్త్రం. అయితే సగం శాస్త్రమే. రెక్క విరిగిన రోజున డొక్క ఎవరు నింపాలో ఈ సామెత చెప్పదు. ఆ మిగతా సగం గురించి ఈ భాగం.

బందరు, గుడివాడ, దివిసీమ. ఈ మూడు వైపులా మన పేటల్లోకి వెళ్లి చూడండి. తొడలో రాడ్డు ఉన్నవాళ్లు, మోచేతిలో ప్లేటు ఉన్నవాళ్లు కనిపిస్తారు. బండి మీంచి పడ్డవాళ్లు, గట్టు మీద జారినవాళ్లు, లారీకి బస్తాలు ఎత్తుతూ నడుం పోగొట్టుకున్నవాళ్లు. "ఆపరేషన్ ఫ్రీగానే అయింది" అంటారు. నిజమే, కార్డు మీద అయింది. తర్వాత ఇంకో ప్రశ్న అడగండి: "మళ్లీ ఊడ్పులకి దిగావా?" అక్కడ జవాబు ఆగిపోతుంది.

మన రాష్ట్రం ఆపరేషన్‌కి డబ్బు కట్టడం నేర్చుకుంది. ఆపరేషన్ తర్వాత పోయే రోజులకి కట్టడం నేర్చుకోలేదు. ఇది ఏదో పథకంలో దొర్లిన చిన్న పొరపాటు కాదు. దీని వెనక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రని ఒక్క మాట పట్టుకుని చూద్దాం. ఆ మాట "నాగా".

1. నాగా అంటే ఏమిటి?

పనికి రాని రోజు నాగా. ఈ మాట మన తాతల ఒంటి మీద రాసి ఉన్న మాట.

1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి. మెట్ట మాగాణి అయింది. భూమి ఉన్నవాడికి పంట మిగిలింది, ఆ మిగులు రైసు మిల్లు అయింది, సినిమా హాలు అయింది, కాలేజీ అయింది, తర్వాత ఆసుపత్రి కూడా అయింది. ఆ నీళ్లలో మోకాలి లోతున దిగి ఊడ్చినవాళ్లు, కోసినవాళ్లు, మోసినవాళ్లు ఎక్కువమంది మాల మాదిగ పేటల మనుషులు.

పాలేరుది ఏడాది ఒప్పందం. జీతం ధాన్యంలో. ముందే అప్పు తీసుకుని ఉంటాడు. జ్వరం వచ్చినా, కాలు విరిగినా, అది ఆసామి లెక్కలో నాగా. నాగాకి జీతంలో కోత. లేదంటే బదులుగా ఇంట్లోంచి ఇంకో మనిషి రావాలి. తండ్రి మంచాన పడితే కొడుకు బడి మానేసి గొడ్ల దగ్గరికి వెళ్లడం ఇలాగే. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. పాలేరుతనం మెల్లగా పోయి రోజుకూలీ వచ్చింది, ముఠా వచ్చింది, మేస్త్రి అడ్వాన్సు వచ్చింది. కానీ ఒక్క సూత్రం అలాగే మిగిలింది: ఒంటికి దెబ్బ తగిలితే ఆ నాగా ఖర్చు ఒంటి యజమానిదే, పని యజమానిది కాదు.

2. కట్టు కాలం

ఎముక విరిగితే మన పెద్దవాళ్లు కట్టుకి వెళ్లేవాళ్లు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు 1881 నుంచీ ఉందంటారు, ఇవాళ ఆ పేరు బోర్డు కనిపించని తెలుగు టౌను తక్కువ. కట్టుని మూఢనమ్మకం అని తీసిపారేయడం తేలిక. కానీ పేదవాడు దాని దగ్గరికి ఎందుకు వెళ్లాడో చూడండి: దగ్గరలో ఉంటుంది, ఖర్చు తక్కువ, ఒంటి మీద చెయ్యి వేసి చూస్తారు. చిన్న విరుగుళ్లు కుదిరేవి కూడా. తొడ ఎముక లాంటివి వంకరగా అతుక్కునేవి, కాలు పొట్టయ్యేది.

అప్పట్లో పెద్దాసుపత్రి వైద్యం కూడా ఏమంత మెరుగు కాదు. తొడ విరిగితే కాలికి బరువు కట్టి వారాల తరబడి మంచం మీద పడుకోబెట్టేవాళ్లు. 1939లో జర్మనీలో గెర్హార్డ్ కుంట్‌షర్ అనే సర్జన్ ఎముక మధ్యలోని బోలులోకి లోహపు కడ్డీ దించాడు. ఇవాళ మనవాళ్లు "రాడ్డు వేశారు" అనేదానికి మూలం అదే. రాడ్డు అసలు ఉపయోగం ఏమిటి? ఎముక కుదురుగా ఉంటుంది కాబట్టి మనిషి త్వరగా లేవచ్చు, కీళ్లు కదిలించవచ్చు, కండ కరిగిపోకుండా చూసుకోవచ్చు. అంటే రాడ్డు విలువంతా దాని తర్వాత చేసే కసరత్తులో ఉంది. రాడ్డు వేసి ఇంటికి పంపేసి, మోకాలు వంచడం నేర్పకపోతే ఎముక అతుక్కుంటుంది, మోకాలు బిగుసుకుంటుంది. ఎక్స్‌రేలో ఆపరేషన్ సక్సెస్. మడిచెక్కలో ఫెయిల్.

3. ఒంటికి ధర కట్టిన చట్టం, పొలం బయట ఆగిపోయిన చట్టం

1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది. దాని షెడ్యూల్ ఒకసారి చదవండి, వణుకు పుడుతుంది. బొటనవేలు పోతే సంపాదించే శక్తి 30 శాతం పోయినట్టు. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. ఒంటిని ముక్కలుగా కోసి ధర వేసినట్టు ఉంటుంది. అయినా అది కార్మికుడు కొట్లాడి తెచ్చుకున్న హక్కే. దెబ్బ ఖర్చు పని యజమానిది అని మొదటిసారి ఒప్పుకున్న చట్టం అది.

మరి ఆ చట్టంలో మనం ఎక్కడున్నాం? వ్యవసాయం విషయంలో చాలాకాలం అది చెప్పింది ట్రాక్టరు, లేదా ఆవిరితోనో కరెంటుతోనో నడిచే యంత్రంతో సేద్యం చేసే మనిషి గురించి. ఒట్టి చేతులతో ఊడ్చే ఆడమనిషి, గట్టు మీద ధాన్యం మూట మోస్తూ జారిన మనిషి ఆ వాక్యంలో లేరు. యంత్రం పక్కన నిలబడితేనే నీ ఎముకకి విలువ ఉండేది.

ఆ తర్వాతి అడుగు మనకి తెలియాల్సినది. 1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరు. ఆయన హయాంలోనే 1943లో కార్మికుల ఆరోగ్య బీమా మీద బి.పి. అదార్కర్‌ని నియమించారు, 1944లో నివేదిక వచ్చింది. అదే 1948లో ఈఎస్ఐ చట్టంగా మారింది. ఈఎస్ఐలో ఉన్న గొప్ప సంగతి ఆసుపత్రి ఒక్కటే కాదు. జబ్బు పడితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం, పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే 90 శాతం ఇస్తారు. అర్థమైందా? నాగాకి డబ్బు. మందు ఒక హక్కు, పోయిన రోజు కూలి ఇంకో హక్కు అని ఈ దేశంలో చట్టం ఒప్పుకుని 75 ఏళ్లు దాటింది.

కానీ ఈఎస్ఐ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగింది. మన డెల్టాలో ఫ్యాక్టరీ పొలమే. దానికి గేటూ లేదు, హాజరు పట్టీ లేదు, ఒక్క యజమానీ లేడు. గుడివాడలో మిల్లులకి బస్తాలు మోసే హమాలీనే చూడండి. 75 కిలోల ధాన్యం బస్తా వీపు మీద వేసుకుంటాడు. కూలి బస్తా లెక్కన ముఠాకి వస్తుంది. నడుం డిస్కు జారిన రోజున అతను ఎవరి కార్మికుడు? మిల్లు మాది కాదంటుంది, వ్యాపారి మాది కాదంటాడు. మిగిలేది అతని నడుం, అతని ఇల్లు.

4. ఆసుపత్రి ఎక్కడ కట్టారు?

గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో వచ్చింది. విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ 1980లో ప్రైవేటు విద్యాసంస్థగా మొదలై తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే పెట్టారు. వాటి చుట్టూ నర్సింగ్ హోములు, తర్వాత కార్పొరేట్ ఆసుపత్రులు పెరిగాయి. ఆనకట్ట ఇచ్చిన మిగులు తిరిగి తిరిగి అక్కడికి చేరింది. బ్రిటిష్ కాలం నుంచీ జిల్లా కేంద్రం అయిన బందరుకి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది ఎప్పుడు? 2023 సెప్టెంబరులో.

బందరు నుంచి విజయవాడ దాదాపు 70 కిలోమీటర్లు. నాగాయలంక, కోడూరు వైపు నుంచి అంతకన్నా ఎక్కువ. ఆపరేషన్‌కి ఒకసారి ఎలాగోలా వెళ్తారు, 108 తీసుకెళ్తుంది. కుట్లు తీయడానికి, ఎక్స్‌రేకి, నెల చెకప్‌కి, మోకాలు వంచే కసరత్తుకి? చంకలో కర్రలతో ఆటో, బస్సు, మళ్లీ ఆటో. ఒక్కరు వెళ్లలేరు. కాబట్టి ఒక చెకప్ అంటే ఒక నాగా కాదు, రెండు. తోడు వెళ్లిన భార్యదో కొడుకుదో రెండోది. ఈ రెండో నాగా ఏ బిల్లులోనూ ఉండదు.

దివిసీమ సంగతి ఇంకొకటి. 1977 నవంబరు 19 ఉప్పెన అనగానే చచ్చిపోయినవాళ్ల లెక్క చెబుతాం. ప్రభుత్వ లెక్కే పదివేలు. పూరిళ్లలో ఉన్న కూలీలు, మత్స్యకారులు ఎక్కువగా పోయారు. బతికి బయటపడి దెబ్బలతో మిగిలినవాళ్ల లెక్క మన నోటికి రాదు. చావుకి ఒక అంకె ఉంటుంది, ఇంటికి ఒక నష్టపరిహారం ఉంటుంది. మిగిలిన ఒళ్లు ఎలా కోలుకుందో అడిగేవాడు ఉండడు. విపత్తులోనూ రోజువారీలోనూ ఇదే పద్ధతి.

5. ఆరోగ్యశ్రీ: ఇచ్చింది ఏమిటి, ఇవ్వనిది ఏమిటి

ఇక్కడ నిజాయితీగా మాట్లాడాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది, 2008 నాటికి రాష్ట్రమంతా వచ్చింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. అంతకు ముందు తొడ విరిగితే చెవి దుద్దులు పోయేవి, గేదె పోయేది, ఉన్న పది సెంట్లూ పోయేవి. కూలివాడు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కడం చిన్న విషయం కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లకి పేదరికం తెలియదు.

కానీ పథకం ఎలా కట్టారో చూడండి. డబ్బు ప్యాకేజీ లెక్కన వస్తుంది. ఒక ఆపరేషన్, ఒక కోడ్, ఒక ధర. పరీక్షలు, ఆపరేషన్, మంచం, భోజనం, ఇంటికి చార్జీలు, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు. మళ్లీ చదవండి: 10 రోజులు. కాలి పొడుగు ఎముక గట్టిపడటానికి నాలుగు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు. మిగిలిన నెలల్లో మనిషి ఎవరి ఖాతాలో ఉన్నాడు?

ఇందులో డాక్టర్ల దుర్మార్గం వెతకక్కర్లేదు, లెక్క చాలు. ఆపరేషన్ ఒక ఘటన. ఫొటో తీయవచ్చు, ఎక్స్‌రే అప్‌లోడ్ చేయవచ్చు, బిల్లు పెట్టవచ్చు. కోలుకోవడం ఒక నెమ్మదైన పని. రోజుకి అరగంట చొప్పున మూడు నెలలు ఒకరు చెయ్యి వేసి మోకాలు వంచాలి. అందులో లాభం తక్కువ, ఫొటోకి పనికిరాదు. డబ్బు ఎటు వెళ్తుందో ఆసుపత్రి అటే పెరుగుతుంది. 2011లో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం ఈ నమూనా ప్రైవేటు రంగానికి ఎలా అనుకూలించిందో చర్చించింది. 2012లో విక్టోరియా ఫ్యాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ తొలి దశ లెక్కలు తీశారు. ఆసుపత్రిలో చేరినవాళ్ల జేబు ఖర్చు తగ్గింది అని తేల్చారు. అదే వ్యాసంలో ఇంకో వాక్యం ఉంది: ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతావాళ్లకి అందినంత మేలు అందలేదు. ఈ వాక్యాన్ని ఏ ప్రభుత్వమూ హోర్డింగు మీద వేయలేదు.

వస్తువు ధర మీద మాత్రం ప్రభుత్వం కదిలిన సందర్భం ఉంది. 2017 ఆగస్టులో మోకీలు మార్పిడి పరికరాల ధరలకు కేంద్రం పరిమితి పెట్టింది. అంతకు ముందు సగటున లక్షన్నర దాటిన కోబాల్ట్ క్రోమియం మోకీలుకి 54,720 రూపాయలు ఖరారు చేసింది, పన్ను అదనం. మంచిదే. లోహం ధర నియంత్రించవచ్చు అని తేలింది. మరి ఆ లోహం పెట్టుకున్న మనిషి పోగొట్టుకునే రోజుల ధర ఎప్పుడు తేలుస్తారు?

6. 225 రూపాయలు

ఆ ప్రశ్నకి ఒక్కసారి జవాబు వచ్చింది. 2019 డిసెంబరు 2న గుంటూరులో ఆరోగ్య ఆసరా అనే పథకం మొదలుపెట్టారు. ఆపరేషన్ తర్వాత డాక్టరు చెప్పిన విశ్రాంతి కాలానికి రోజుకి 225 రూపాయలు, నెలకి గరిష్ఠంగా 5,000. ఏ పార్టీ తెచ్చింది అన్నది పక్కన పెట్టండి. చరిత్ర విద్యార్థులుగా దాని బరువు చూడండి. ఫ్యాక్టరీ బయట ఉన్న కూలివాడి నాగాకి ఈ రాష్ట్రం ధర కట్టింది. 1948లో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిన సూత్రం 71 ఏళ్ల తర్వాత పేట దాకా వచ్చింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 225ని 30తో గుణిస్తే 6,750. పరిమితి 5,000. అంటే 22 రోజులకే డబ్బు. మిగిలిన ఎనిమిది రోజులు ఆకలి వేయదా?

ఊహకి ఒక మనిషిని తీసుకోండి. ఆషాఢంలో ఆకు తీతకి వెళ్లి గట్టు మీద జారి పిక్క ఎముక విరిగింది. ఊడ్పులు పోయాయి. నాలుగు నెలలు గడిచి లేచేసరికి కోతలు. కాలు ఇంకా బురదకి ఆగదు, కోతలూ పోయాయి. నాలుగు నెలల్లో ఆమెకి దొరికే పని 100 రోజులు, తోడు ఉన్నవాళ్లకి పోయినవి 40 రోజులు అనుకుందాం. మొత్తం 140 నాగాలు. ప్రభుత్వం కట్టిన 225 ధరకే 31,500. నాలుగు నెలలూ ఆసరా పూర్తిగా ఇచ్చారనుకున్నా 20,000. 2025-26 ఉపాధి హామీ కూలి 307 రూపాయల లెక్కన ఆ 140 నాగాలు 42,980. అప్పుడు 20,000 సగం కూడా కాదు. తోడు ఉన్న మనిషి రోజులకి ఏ లెక్కలోనూ పైసా లేదు. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 25 లక్షలకి పెంచారు. ఆసరా 5,000 దగ్గరే ఉండిపోయింది. ఆపరేషన్‌కి ఆకాశం హద్దు, నాగాకి నేల. 2025 అక్టోబరులో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపితే రాష్ట్రమంతా వార్త అయింది. కావాలి కూడా. కానీ పేటలో మంచం మీద ఉన్న మనిషికి రావలసిన బకాయి కోసం సమ్మె చేసే సంఘం ఏది?

7. రోగీ కాదు, వికలాంగుడూ కాదు

ఇంకో గొయ్యి ఉంది. డిశ్చార్జి అయ్యాక ఆసుపత్రి లెక్కలో మనం రోగులం కాదు. వికలాంగుల పింఛను కావాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. 2024 జులై నుంచి ఆ పింఛను 6,000.  ఆరు నెలలు నడవలేని మనిషి, మోకాలు సగమే వంగే మనిషి ఆ శాతానికి చేరకపోవచ్చు. ఆఫీసులో కూర్చునేవాడికి సగం వంగే మోకాలు ఇబ్బంది. ఊడ్చేవాళ్లకి అది ఉద్యోగం పోవడం. శాతం ఒకటే, నష్టం ఒకటి కాదు. ఏ ఒంటిని కొలమానంగా పెట్టుకుని ఈ శాతాలు రాశారు? కుర్చీలో కూర్చునే ఒంటిని.

దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. 1968 ప్రాంతంలో జైపూర్ సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేఠీతో కలిసి రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు రబ్బరు పాదం చేశాడు. విదేశీ కృత్రిమ పాదంతో గొంతుకూర్చోలేరు, చెప్పులు లేకుండా పొలంలో నడవలేరు. జైపూర్ పాదంతో రెండూ చేయవచ్చు. కూలివాడి ఒంటిని చూసి చేసిన పాదం కాబట్టి కూలివాడికి పనికొచ్చింది.

వెల్లూరు సీఎంసీలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1948 నుంచి కుష్ఠు వల్ల ముడుచుకున్న చేతులకు ఆపరేషన్లు చేశాడు. చేతులు విచ్చుకున్నాయి. కొందరు తిరిగి వచ్చి చెప్పారట: ఇప్పుడు భిక్షం రావట్లేదు, పనీ ఎవరూ ఇవ్వట్లేదు అని. ఆ మాట విన్నాక న్యూ లైఫ్ సెంటర్ పెట్టి, ఆపరేషన్ అయినవాళ్లకి వడ్రంగం లాంటి పనులు నేర్పారు. బాగైన చేతికి పని దొరికినప్పుడే వైద్యం పూర్తయినట్టు.

8. చెయ్యి వేయడం

చివరిగా కులం. ఫిజియోథెరపీ అంటే ఒకరి ఒంటి మీద ఇంకొకరు రోజూ చెయ్యి వేయడం. బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఒక ఘటన నమోదు చేశారు. 1929లో కాఠియావాడ్‌లో ఒక అంటరాని ఉపాధ్యాయుడి భార్య కాన్పు తర్వాత జబ్బు పడింది. డాక్టరు పేట లోపలికి రానన్నాడు. ఆమెనే బయటికి తెమ్మన్నాడు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకి, భర్త ఆమెకి. చెయ్యి వేయకుండానే వైద్యం. ఆమె బతకలేదు.

ఇవాళ ఆ డాక్టరు అలా కనిపించడు. ఆపరేషన్ టేబుల్ మీద మన ఒంటిని తాకుతున్నారు, ఎందుకంటే దానికి ప్యాకేజీ ఉంది. తర్వాత నెలల్లో పేట లోపలికి వచ్చి ఆ కాలు పట్టుకునే చెయ్యి మాత్రం ఇంకా రాలేదు. అంటరానితనం ఇప్పుడు బడ్జెట్ రూపంలో ఉంటుంది.

కాబట్టి అడగవలసినవి అడుగుదాం. కోలుకునే కాలానికి కూలి, కనీసం ఉపాధి హామీ రేటుతో, నెలకి పరిమితి లేకుండా, పథకంగా కాక చట్టంగా. తోడు ఉన్న మనిషికీ కూలి. గుడివాడ, అవనిగడ్డ ఆసుపత్రుల్లో రోజూ నడిచే ఫిజియోథెరపీ, పేటకి వచ్చే ఫిజియోథెరపిస్టు. డిశ్చార్జి కాగితం మీద "నడుస్తున్నాడు" అని కాదు, "తన పనికి వెళ్లగలడా" అని రాయాలి.

విద్యార్థులకి ఒక పని చెబుతున్నాను. ఈ సెలవుల్లో మీ పేటలో రాడ్డు, ప్లేటు ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లండి. మూడే ప్రశ్నలు: ఎన్ని నాగాలు పడ్డాయి, తోడు ఎవరున్నారు, పాత పనికి తిరిగి వెళ్లారా. పేర్లు బయట పెట్టకండి, అంకెలు రాయండి. ఆసాముల పుస్తకాల్లో మన నాగాలు నూరేళ్లు రాసి ఉన్నాయి, మన నుంచి కోత కోయడానికి. ఈసారి ఆ పుస్తకం మనం రాద్దాం, వసూలు చేయడానికి.

జైభీమ్.

(వచ్చే భాగం: హమాలీ వీపు, 75 కిలోల బస్తా)